రోగి రక్తం చూపిన దారి

జన్యువుల నోరు మూయించే ప్రోటీన్ల కథ చెప్పమంటే అందరం 1998లో మొదలుపెడతాం. ఆ ఏడాది ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో ఓ చిన్న పురుగుకు రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ ఎక్కించి, జన్యువు పని ఆగిపోవడం చూపించారు. 2006లో నోబెల్ అందుకున్నారు. నాకు మాత్రం ఆ కథలో యాంటీబాడీల వంతే ఎక్కువ ఇష్టం.

నరాల జబ్బుతో బాధపడుతున్న ఒక రోగి శరీరం, తన సొంత ప్రోటీన్ల మీదే యాంటీబాడీలు తయారుచేసుకుంది. ఆ రోగి రక్తంలోని సీరాన్ని మనిషి కణాల మీద వేసి చూస్తే, కేంద్రకం బయట అక్కడక్కడా చుక్కలు మెరిశాయి. ఆ చుక్కల్లో ఉన్న, అంతవరకు ఎవరికీ తెలియని ప్రోటీన్‌ను 2002లో జీడబ్ల్యూ182 పేరుతో ప్రకటించారు. జన్యువుల్ని అణచే పనిలో దానికి ముఖ్యమైన పాత్ర ఉందని మరో మూడేళ్లకు తేలింది. లూపస్ లాంటి జబ్బులున్నవారి రక్తంలో కనిపించే ‘ఎస్‌యూ’ యాంటీబాడీలు పట్టుకునేది, జన్యువుల్ని అణచే పనిలోనే ఉండే ఆర్గోనాట్-2 అనే ప్రోటీన్‌నేనని 2006లో బయటపడింది. ఎవరి బాధో ఎందరి పరిశోధనకో పనిముట్టయింది. ఆ రోగుల పేర్లు మనకు తెలియవు. రుణం మాత్రం ఉంది.

ఇప్పుడు ఆర్గోనాట్-2 యాంటీబాడీ కావాలంటే కేటలాగు చూసి తెప్పించుకుంటాం. సీసా చేతికొచ్చింది కదా అని నమ్మేయకూడదు. మన కణాల్లో ఆర్గోనాట్‌లు నాలుగు, నాలుగింటిదీ అన్నదమ్ముల పోలిక. ఒకదానికని చేసిన యాంటీబాడీ ఇంకోదాన్ని పట్టుకోవచ్చు. అందుకే నేను ముందు వెస్టర్న్ బ్లాట్ చేస్తాను. ప్రోటీన్లను జెల్ మీద విడదీసి, పొర మీదికెక్కించి, పాలపొడి కలిపిన ద్రావణంలో నానబెట్టి, యాంటీబాడీ పోస్తాను. మామూలు కణాల వరుసలో 97 కిలోడాల్టన్ల దగ్గర గీత రావాలి. ఆర్గోనాట్-2 జన్యువును తీసేసిన కణాల వరుసలో అదే చోట ఏమీ ఉండకూడదు. ఆ ఖాళీయే నాకు అసలైన సాక్ష్యం.

అంతటితో అయిపోదు. బ్లాట్‌లో ప్రోటీన్ మడతలు విప్పుకుని ఉంటుంది, కణంలో మడతపడి ఉంటుంది. బ్లాట్‌లో చక్కగా పనిచేసిన యాంటీబాడీ, కణద్రవం నుంచి ఆర్గోనాట్‌ను దాని చిన్న ఆర్‌ఎన్‌ఏలతో సహా లాగాల్సి వచ్చేసరికి చేతులెత్తేయవచ్చు. ఏ పనికి వాడతామో ఆ పనిలోనే పరీక్షించాలి.

ఇది చాదస్తం కాదు. నాడీ సంబంధమైన 65 ప్రోటీన్ల కోసం అమ్ముతున్న 614 యాంటీబాడీలను 2023లో ఇలాగే జన్యువు తీసేసిన కణాలతో పరీక్షించారు. గురి తప్పిన యాంటీబాడీతో చేసిన ప్రయోగాలున్న పత్రాలు ఒక్కో ప్రోటీన్‌కు దాదాపు పన్నెండు లెక్కన బయటపడ్డాయి. ఎంత డబ్బు, ఎంతమంది విద్యార్థుల కాలం!

పరిశోధన మొదలుపెడుతున్న పిల్లలకు నా మనవి ఒక్కటే. పత్రంలో యాంటీబాడీ కంపెనీ పేరుతో పాటు క్లోన్, కేటలాగు నంబరు, లాట్ నంబరు రాయండి. జన్యువు లేని కణాల వరుసను కత్తిరించకుండా అచ్చువేయండి.