మబ్బు చెరిగింది, తిప్ప మిగిలింది

సున్నిపెంట పక్కనున్న ఆనకట్ట దగ్గర మొదలుపెట్టి పటాన్ని పడమరకు జరుపుకుంటూ పోతే, శ్రీశైలం జలాశయం తేలిగ్గా గీతకు లొంగేది కాదని తెలుస్తుంది. 1963 జూలైలో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు ఇది. దాని పనుల కోసం వచ్చినవాళ్లకు కట్టిన కాలనీతోనే సున్నిపెంట ఊరైంది. 885 అడుగుల పూర్తి మట్టానికి నీరు చేరినప్పుడు కృష్ణ నల్లమలలోని వాగు వాగులోకీ ఎగదన్నుతుంది. ఒక్క చోట కూడా తిన్నగా సాగని ఆ అంచును ఎంతసేపు చూసినా తనివి తీరదు.

అయితే ఉపగ్రహ చిత్రాల్లోంచి ఆ ఆకారం ఒక్క ముక్కగా చేతికి రాదు. సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు 110 కిలోమీటర్ల చదరపు టైళ్లుగా అందుతాయి. పక్కపక్క టైళ్లు దాదాపు 10 కిలోమీటర్ల మేర ఒకదాని మీదకి ఒకటి ఎక్కి ఉంటాయి. అంతకన్నా పెద్ద చిక్కు ఆకాశంతో. ఎగువ వరదలతో జలాశయం నిండేదీ, నల్లమల మీద మబ్బు కమ్మేదీ వానాకాలంలోనే. కాబట్టి ఏ తేదీ చిత్రం నుంచి నీటి పాలిగాన్‌ను, అంటే నీటిని చుట్టిన మూసిన గీతను, తీసినా దానికి మబ్బు పడ్డచోటల్లా చిల్లులే. నాలుగైదు తేదీలవి ఒకే లేయర్‌లో పోస్తే తెర మీద మిగిలేది గీతల గందరగోళం.

ఇప్పుడు పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో, పాలిగాన్లను ఒకటిగా కలిపే డిజాల్వ్ నొక్కాలి. ఒక వాగు మూతిని దగ్గరకు లాక్కుని చూస్తే జరిగిందేమిటో తెలుస్తుంది. ఒక తేదీ గీత వాగులోకి సగం దాకా వెళ్లి మబ్బు దగ్గర ఆగిపోయింది. ఇంకో తేదీ గీత వాగు చివరనుంచి వచ్చి దాన్ని రెండుచోట్ల ఖండించింది. సాఫ్ట్‌వేర్ ఆ ఖండన బిందువులను పట్టుకుని గీతలన్నిటినీ అక్కడికక్కడ తెంచుతుంది. రెండు వైపులా నీరే ఉన్న గీతను తీసేస్తుంది. ఒక వైపు నీరు, ఒక వైపు నేల ఉన్న గీతను ఉంచుతుంది. సూత్రం ఇంతే. వాగు మొదలు నుంచి చివరిదాకా ఒకే అంచుతో తేలుతుంది. ఏ ఒక్క రోజూ ఉపగ్రహం కంట పూర్తిగా పడని ఆకారం అది!

నన్ను అన్నిటికన్నా మురిపించేది చిల్లుల సంగతి. జలాశయం మధ్యలో నీటికి పైన నిలిచిన కొండకొమ్ములున్నాయి, తిప్పలున్నాయి. పాలిగాన్‌లో తిప్పా చిల్లే, మబ్బూ చిల్లే. ఒక తేదీని ఒంటరిగా చూస్తే ఏది ఏదో గీతను బట్టి చెప్పలేం. తేదీలన్నీ కలిసేసరికి, ఈ తేదీన మబ్బున్న చోట మరో తేదీన నీరు కనబడుతుంది కాబట్టి మబ్బు చిల్లు పూడిపోతుంది. తిప్ప మాత్రం అన్ని తేదీల్లోనూ తిప్పే కాబట్టి చెక్కుచెదరదు. ఇది మబ్బు, ఇది నేల అని ఎవరూ చెప్పకుండానే నిలకడ లేనిది పోయి, నిలకడైనది మిగిలింది.

లోపల పని సాగే వరసలోనూ అందం ఉంది. క్యూజీఐఎస్ వాడే జియోస్ అనే జ్యామితి లైబ్రరీకి మూలం మార్టిన్ డేవిస్ రాసిన జేటీఎస్ లైబ్రరీ. వందల పాలిగాన్లను ఒక్కొక్కటిగా పెద్దదానికి తగిలిస్తూ పోతే, పెరిగిపోతున్న ఆ భారీ గీతను ప్రతిసారీ మొదటినుంచీ తడమాలి. డేవిస్ పద్ధతి వేరు. ఊరి పెద్దలు తగవు తీర్చేటప్పుడు ముందు ఇరుగుపొరుగును, తర్వాత వీధిని, ఆపైన ఊరిని ఒప్పించినట్టు, దగ్గరి ముక్కలను ముందు కలిపి, ఆ గుంపులను మళ్లీ కలుపుకుంటూ పైకి వస్తుంది. దాంతో లోపలి గీతలు చాలావరకు చిన్న గుంపుల్లోనే తెగిపోయి, చివరి మెట్టుకు బరువు తగ్గుతుంది.

డిజాల్వ్‌కు ఒక దోషముంది. ఎవరేం చెప్పినా నమ్ముతుంది. చలికాలపు పొద్దులో నల్లమల కొండ నీడ నల్లగా పడి ఒక్క తేదీన నీరుగా లెక్కకెక్కినా ఆ అబద్ధం ఆకారంలో స్థిరపడిపోతుంది. ఇంకొకటి, అది కాలాన్ని మింగేస్తుంది. ఈ జలాశయపు నీళ్లలోనే మునిగే, నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరం గుడి సంగతి చూడండి. వేపదారు శివలింగమున్న ఆ గుడి ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలో ఉండి, వేసవిలో బయటపడుతుంది. డిజాల్వ్ చేసిన పటంలో ఆ చోటుకూ, ఎన్నడూ ఎండని నది మడుగుకూ తేడా లేదు, అంతా ఒకటే నీలం.

ఆ కొరత తీర్చేది యూనియన్ అనే ఇంకో పనిముట్టు. మీదపడ్డ భాగాన్ని అది చెరపదు, విడి ముక్కగా కోసి, ఏయే తేదీల్లో అక్కడ నీరుందో పట్టికలో నిలుపుతుంది. ముందు ఏ తేదీకి ఆ తేదీని డిజాల్వ్ చేసి టైళ్ల అతుకులు పోగొట్టాలి. నవంబరు నుంచి మే వరకు మబ్బులేని తేదీలు ఏరుకుని యూనియన్ చేయాలి. ప్రతి ముక్కకూ ఎన్ని తేదీలు పడ్డాయో లెక్కగట్టి, ఆ లెక్క ఒకటే ఉన్న ముక్కలను మళ్లీ డిజాల్వ్ చేయాలి. అప్పుడు జలాశయం పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. ఆనకట్ట వెనక ఇరుకు లోయలో పొరల గీతలు ఒత్తుగా పడతాయి, సంగమేశ్వరం వైపు మైదానంలో ఎడంగా పరుచుకుంటాయి. చెరిపే పనిముట్టునే ఈసారి నీరు తగ్గిన తీరు చెప్పడానికి వాడుకున్నాం. డిజాల్వ్ సొగసు తెలిసినవాళ్లు దాన్ని ముందే కాక, ఇలా చివరా వాడతారు.