అమ్ముగూడ కుర్రాడి వన్ టచ్

సంక్రాంతికి మా అన్నయ్య మనవడు డల్లాస్ నుంచి కారంచేడు వచ్చాడు. పదకొండేళ్ళవాడు. పెట్టె తెరిచి అన్నిటికంటే ముందు వాడు బయటకి తీసింది ఒక బంతి. రెండు కొసలూ సాగదీసిన పనసకాయలా ఉంది.

"ఇదేం బంతిరా?"

"ఫుట్‌బాల్, తాతయ్యా."

"దీన్ని కాలితో ఎట్లా తంతారురా?"

"ఎప్పుడో ఓసారి తంతారు. మిగతాదంతా చేత్తోనే."

మరి ఫుట్‌బాల్ అని పేరెందుకు పెట్టారంటే నవ్వి ఊరుకున్నాడు. తలకి హెల్మెట్లూ భుజాలకి మెత్తలూ కట్టుకుని ఒకరినొకరు కుమ్ముకునే ఆ ఆటగాళ్ళకి ఎన్ని డాలర్లిస్తారో చెప్పుకొచ్చి, చివరికి "మనవాళ్ళలో అంత పెద్ద ఫుట్‌బాలర్ ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. ఆ మాట నన్ను అడగకూడదు. అడిగాడు కాబట్టి ఆ సాయంత్రమంతా వాడికి తులసీదాస్ బలరాం కథ వినక తప్పలేదు. మీకూ తప్పదు.

సికింద్రాబాద్ పక్క అమ్ముగూడలో 1936లో పుట్టాడు బలరాం. మా ఊరి సినీ నిర్మాత రామానాయుడు గారు పుట్టిన సంవత్సరమే. తమిళం మాట్లాడే పేద ఇల్లు. బూట్లు కొనే స్తోమతు లేక, పోలీసులు పారేసిన పాత బూట్లని చెప్పులు కుట్టే ఆయన చేత ఆటబూట్లుగా మార్పించుకున్నాడని, అందుకు రెండు రూపాయలు తల్లిని బతిమాలి తెచ్చుకున్నాడని చెబుతారు. రెండో మూడో నాకనవసరం. ఆ బూట్లతోనే సయ్యద్ అబ్దుల్ రహీం కంట్లో పడ్డాడు, అది చాలు.

రహీం సాబ్ బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి ఆట నేర్పాడు, 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత జట్టునీ తీర్చిదిద్దాడు. ఆ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 ఏళ్ళు రోవర్స్ కప్పు ఎగరేసుకుపోయింది. బొంబాయి వాళ్ళ కప్పు, బొంబాయిలో ఆట, ఇంటికి తెచ్చుకునేది మాత్రం మనవాళ్ళు! నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయిన్... ఈ పేర్లు చెబుతుంటే మా మేనమామకి గొంతు బొంగురుపోయేది. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. జీతం అందగానే ముందు మ్యాచ్ టిక్కెట్టు, తరవాత బియ్యం. ఈ రెండో మాట మా అత్తయ్యది.

హైదరాబాదీ ఆటంటే ఏమిటో నేను మైదానంలో నేర్చుకోలేదు, మా కళ్ళంలో నేర్చుకున్నాను. వేసవి సెలవలకి వచ్చిన మామయ్య ఒకరోజు కోళ్ళ గూట్లోంచి రెండు గుడ్లు తెచ్చి, దూరంగా నిలబడి, "పట్టుకో" అని ఒకటి విసిరాడు. చేతులు బిగబట్టి అందుకున్నాను. చితికి మోచేతులదాకా కారింది. "బంతి కూడా అంతే. ఎదురెళ్ళి నిలబడితే పగులుతుంది." రెండోది విసిరేటప్పుడు చెయ్యి ముందుకు చాపి, గుడ్డు తగిలీతగలకముందే వెనక్కి లాక్కోమన్నాడు. లాక్కున్నాను. గుడ్డు అరచేతిలో పడుకుంది. "ఇప్పుడు చెయ్యి తీసేసి అక్కడ పాదం పెట్టు. బలరాం పాదం అది." ఇంతలో అత్తయ్య వచ్చింది. ఆ తరవాతి సంభాషణ ఇక్కడ రాయడం మర్యాద కాదు.

బంతిని అలా లొంగదీయడం మొదటి మెట్టు. రెండోది, అసలు ఆపకుండానే పంపడం. వన్ టచ్ అంటారు. బంతి కాలి దగ్గరికొచ్చాక ఎవరికివ్వాలా అని దిక్కులు చూసేవాడు రహీం సాబ్‌కి పనికిరాడు. బంతి ఇంకా గాల్లో ఉండగానే మెడ తిప్పి మనవాడెక్కడున్నాడో, ఎదుటివాడు ఏ కాలిమీద బరువు వేసి నిలబడ్డాడో చూసుకోవాలి. ఇది నేర్పడానికి ఆయన డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టేవాడు. బంతిని కాళ్ళకి కట్టేసుకుని మనిషి తరవాత మనిషిని దాటుకుంటూ పోయే సోకు కుదరదు, అందుకుని ఇచ్చెయ్యాల్సిందే. ఇంకోటి, వాటం లేని కాలితోనే ఆడాలనే టోర్నమెంటు. కుడికాలివాడు ఎడమతో, ఎడమకాలివాడు కుడితో. ఎంత మొనగాడైనా మొదటిరోజు పసిపిల్లాడిలా తడబడతాడు. పది రోజులకి రెండు కాళ్ళవాడవుతాడు. ఇప్పటి కోచింగ్ సెంటర్లవాళ్ళు నెలకి వేలకి వేలు గుంజి ప్లాస్టిక్ శంకుల మధ్య పిల్లల్ని పరిగెత్తిస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. శంకు ఎప్పుడైనా అడ్డమొచ్చి బంతి లాక్కుంటుందా?

ఆ బడిలోంచి వచ్చిన బలరాం ముందువరసలో ఎక్కడ నిలబెట్టినా ఆడేవాడు. ఎడమ అంచున పెడితే అంచున, లోపలికి తెస్తే లోపల, నడిమధ్య పెడితే గోలు కొట్టడానికి. ముందు నిలబడి బంతి కోసం ఎదురుచూసే రకం కాదు. వెనక్కి మిడ్‌ఫీల్డ్ దాకా దిగి, తానే బంతి తీసుకుని, ఒకరికిచ్చి, ఇచ్చినచోట ఆగకుండా ఖాళీలోకి జారుకునేవాడు. కాపలావాడికి ధర్మసంకటం: వెంట పోతే తన చోటు ఖాళీ, పోకపోతే బలరాం ఖాళీ. ఆ ఖాళీలో ఆయన చేసేది చూడాలంటే మామయ్య కళ్ళు కావాలి. నాకా అదృష్టం లేదు, 1957లోనే బలరాం కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళిపోయాడు. 1961లో ఆ జట్టుకి కెప్టెన్ అయ్యి, కలకత్తా లీగ్ గెలిపించి, ఆ ఏడు లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్, 23, తానే కొట్టాడు. "కలకత్తావాళ్ళు మావాడంటారు. కనిపెంచింది మనం" అనేవాడు మామయ్య. నాదీ అదే మాట.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. అంతకుముందు ఏ ఆసియా దేశమూ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ గడప తొక్కలేదు. ఆ జట్టులో ఉన్నప్పుడు బలరాం వయసు ఇరవై. నాలుగేళ్ళ తరవాత రోమ్ ఒలింపిక్స్‌లో మొదటి ఆట హంగరీతో. అవతల ఫ్లోరియన్ ఆల్బర్ట్, ఏడేళ్ళకి యూరప్‌లోనే మేటి ఆటగాడిగా బాలన్ డి ఓర్ అందుకున్నవాడు. మనవాళ్ళు 2-1తో ఓడారు, ఆ ఒక్క గోలూ బలరాందే. పెరూ మీద 3-1తో ఓడిన ఆటలోనూ మన గోలు ఆయనదే. మధ్యలో ఫ్రాన్స్‌తో 1-1 సమానం. ఓడిన ఆటల గురించి ఇంత మురిపెమేమిటని మా మనవడు అడిగాడు. హంగరీని చివరి నిమిషందాకా చెమటలు పట్టించిన జట్టురా అది, ఇవాళ ఆ దేశాలతో ఒలింపిక్ మైదానంలో నిలబడే వంతైనా మనకి వస్తోందా?

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరవాత థాయ్‌లాండ్, జపాన్‌ల మీద గెలుపు. జపాన్ ఆటలో ఒక గోలు బలరాంది. సెమీస్‌లో దక్షిణ వియత్నాం. ఫైనల్లో మళ్ళీ కొరియా. మన క్రీడా అధికారి ఒకాయన చేసిన వ్యాఖ్యలతో మండిపడి ఉన్న జనం స్టేడియం నిండా భారత్‌కి వ్యతిరేకంగా అరుస్తున్నారు. తలకి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం సాబ్ ముందువరసలో గోలు కొట్టడానికి నిలబెట్టాడు. జ్వరంపడి లేచిన పీటర్ తంగరాజ్‌ని గోల్‌లో పెట్టాడు. తంగరాజూ హైదరాబాద్‌వాడే. 2-1తో గెలిచాం. పి.కె. బెనర్జీ ఒకటి, ఆ కుట్ల తల జర్నైల్ ఒకటి. 9 నెలలకి, 1963 జూన్‌లో రహీం సాబ్ కేన్సర్‌తో పోయాడు. అదే ఏడు ఊపిరితిత్తుల జబ్బుతో బలరాం ఆట మానేశాడు. అప్పటికి ఇరవయ్యేడు దాటలేదు. గురువూ శిష్యుడూ ఒకే ఏడాది మైదానం ఖాళీ చేశారు. ఆ తరవాత 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ తెచ్చిన మాట నిజమే, కానీ అది పొయ్యి ఆరాక మిగిలిన వేడి.

చున్నీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం: భారత ఫుట్‌బాల్‌లో ముగ్గురినీ ఒకే ఊపిరిలో చెప్పేవారు. చున్నీకి 1983లో పద్మశ్రీ, పి.కె.కి 1990లో పద్మశ్రీ. బలరాంకి 1962 అర్జునతో సరి. పద్మ రాలేదు, పోయేదాకా రాలేదు. ఆ ఇద్దరి గొప్పతనం మీద నాకు పేచీ లేదు. మూడో కుర్చీ ఎందుకు తీసేశారన్నదే పేచీ. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో ఒంటరిగా గడిపి, మనసు విరిగి, చనిపోయాక తన దేహాన్ని పాత క్లబ్బుకి తీసుకెళ్ళొద్దని చెప్పి, 2023 ఫిబ్రవరి 16న వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది రహీం సాబ్ మీద హిందీలో 'మైదాన్' సినిమా వచ్చింది. తెరమీద తన పాత్రని ఆయన చూసుకోలేకపోయాడు. అన్నట్టు, ఇన్ని సినిమాలు తీసిన మా ఊరివాళ్ళకి ఈ కథ తట్టలేదేమని నాకో చిన్న అలక.

హైదరాబాద్ పేరుతో 2019లో ఒక క్లబ్బు వెలిసింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది కూడా. నేనూ టీవీ ముందు చప్పట్లు కొట్టాను. కానీ అందులో అమ్ముగూడ, లాలాగూడ గల్లీల పిల్లలు ఎందరని వెతికితే వేళ్ళు ముడవక్కర్లేకపోయింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి మకాం మార్చి పేరూ మార్చుకుంది. అద్దె ఇల్లు ఖాళీ చేసినట్టు! ఊరి పేరు చొక్కా మీద అచ్చేస్తే ఊరి ఆట వస్తుందా? రహీం సాబ్ పెట్టిన ఆ వాటంలేని కాలి టోర్నమెంటు ఎవరైనా మళ్ళీ పెట్టండి బాబూ. కప్పు కూడా అక్కర్లేదు, చీరాల ఆర్టీసీ బస్టాండు దగ్గర దొరికే స్టీలు చెంబు చాలు. నేను కొనిస్తాను.

కథ అయ్యేసరికి చీకటి పడింది. మనవడు లేచి కళ్ళంలోకి వెళ్ళాడు. పనసకాయ బంతిని అరుగు మీద వదిలేసి, పక్కింటి పిల్లల దగ్గర గుండ్రటి రబ్బరు బంతి అడిగి తెచ్చుకున్నాడు. వాడిది కుడివాటం. ఎడమకాలితో తన్నాడు. బంతి పోయి గడ్డివాములో పడింది. మళ్ళీ తెచ్చుకున్నాడు, మళ్ళీ ఎడమకాలే. వంటింట్లోంచి వాడి నాయనమ్మ భోజనానికి పిలుస్తోంది.

"ఇంకొక్కసారి, తాతయ్యా. ఈసారి గుడ్డు పగలదు."