కుదురు

పిల్లలు కుర్చీలో కూర్చుని కాళ్ళు ఊపితే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఊరుకోరు. "కాళ్ళూపకు, దరిద్రం" అంటారు. మా అమ్మ నన్ను ఆ మాట ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ఇప్పుడు అరవై దాటాక, రాజమండ్రిలో మా ఇంటి హాల్లో ఆవిడే పది నిమిషాలు కాళ్ళు కదపకుండా కూర్చోలేదు. రాత్రి ఒంటిగంటకి డాబా మీద పచార్లు చేస్తుంటుంది. బ్రిడ్జి మీద రైలు వెళ్ళే చప్పుడు వినిపిస్తుంది, ఆగుతుంది, మళ్ళీ ఇంకోటి వస్తుంది. ఆవిడ నడక మాత్రం ఆగదు.

ఈ జబ్బు పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. ఆ రాత్రుల్లో అమ్మకి తోడుగా మేలుకుని ఆలివర్ సాక్స్ 'అవేకెనింగ్స్' మళ్ళీ చదివాను. పదేళ్ళ క్రితం చదివినప్పుడు అది వేరే పుస్తకం. ఆ తేడా గురించీ, జబ్బు గురించి మనం చెప్పుకునే కథల్లో నాకు కనబడిన ఒక ఖాళీ గురించీ ఈ నాలుగు మాటలు.

ముందు మాటల సంగతి. ఈ జబ్బుని తేల్చి చెప్పే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. రోగి చెప్పేదాన్ని బట్టే తెలుసుకోవాలి. కాళ్ళు కదపాలన్న ఆపుకోలేని కోరిక ఉండాలి. విశ్రాంతిగా ఉంటే అది ఎక్కువవ్వాలి. కదిపితే, నడిస్తే కాసేపైనా తగ్గాలి. సాయంత్రం, రాత్రి ముదరాలి. ఈ నాలుగూ కుదిరి, వీటిని పోలిన వేరే జబ్బు కాదని తేలితే, అది ఇదే. 1672లో థామస్ విల్లిస్ దీన్ని లాటిన్‌లో వర్ణించాడు. 1945లో స్వీడన్ వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ ఇప్పటి పేరు పెట్టి పుస్తకమే రాశాడు. ఇద్దరూ చేసింది ఒకటే పని: రోగులు చెప్పింది శ్రద్ధగా విని రాసుకోవడం. అంటే ఇది కొంతవరకు పాఠకుడి పని. రోగి మాటే ఇక్కడ మూలగ్రంథం.

వర్జీనియా వుల్ఫ్ 1926లో జబ్బుపడటం గురించి రాసిన వ్యాసంలో ఇంగ్లీషు మీద ఒక ఫిర్యాదు చేసింది. ప్రేమకి కావలసినన్ని మాటలున్న భాషలో తలనొప్పికి మాటల్లేవని. తెలుగుకి ఆ ఫిర్యాదు అంతగా వర్తించదేమో. పీకు, లాగు, గుంజు, సలుపు, పోటు, తిమ్మిరి, జివ్వుమనడం: వీటిలో ఏ రెండూ ఒకటి కాదు. సలుపుని పోటు అంటే అమ్మ ఒప్పుకోదు. తన కాళ్ళకి ఆవిడ చెప్పిన పోలిక ఇది: "లోపల ఎవరో నులకమంచం తాడు బిగిత్తున్నట్టు ఉంటాదిరా. లేచి నడిత్తే వదులవుద్ది. కూచుంటే మళ్ళీ బిగిత్తారు."

ఎక్‌బామ్ వింటే నోట్‌బుక్ తీసుకునేవాడు. కదిలితే తగ్గుతుందన్న సంగతి అందులోనే ఉంది. ఆగితే మళ్ళీ మొదలవుతుందన్నదీ ఉంది. మేం వెళ్ళిన మొదటి డాక్టరు చీటీ మీద రాసింది మాత్రం రెండే ముక్కలు: లెగ్ పెయిన్. అమ్మ నొప్పి అనే మాటే వాడలేదు. మాటలు లేక రోగం తెలియకుండా పోలేదు. ఉన్న మాటలు చీటీదాకా రాలేదు, అంతే. నేను పక్కనే కూర్చుని కూడా ఆ అనువాదాన్ని సరిచేయలేదు. పుస్తకాల్లో ఒక్క విశేషణం తప్పుపడితే పేజీలకి పేజీలు రాసే నేను, ఆ పూట "సరేనండీ" అని మందుల షాపుకి వెళ్ళాను.

మన సాహిత్యంలో నిద్రలేని వాళ్ళకి కొదవ లేదు. ఊర్మిళాదేవి నిద్ర పాటలో ఊర్మిళ పద్నాలుగేళ్ళు నిద్రపోతే, లక్ష్మణుడు అన్నావదినలకి కాపలాగా పద్నాలుగేళ్ళు మేలుకుంటాడు. ఆ మెలకువ వీరత్వం. విరహంలో ఉన్న నాయిక నిద్ర మానేస్తే అది శృంగారం. శివరాత్రికి పట్టిసీమలో జాగారం చేస్తే పుణ్యం. మెలకువకి ఎప్పుడూ ఒక ప్రయోజనం ఉంది, చివర్లో ఏదో దక్కుతుంది. మా అమ్మ ఏళ్ళ తరబడి చేస్తున్న జాగారానికి ఏ దేవుడూ జమకట్టడు.

తణుకు తిలక్ 'అమృతం కురిసిన రాత్రి' కాలేజీ రోజుల నుంచీ నాకు ప్రాణం. లోకమంతా నిద్రలో ఉండగా కవి ఒక్కడే బయటికి వెళ్ళిన రాత్రి అది. మొన్నొక రాత్రి అమ్మ తలుపు గడియ తీసిన చప్పుడుకి మెలకువొచ్చి, ఆ కవితే గుర్తొచ్చింది. అదే పని, అదే వేళ, అదే గోదావరి జిల్లాల వెన్నెల. ఒక్క తేడా. కవి అక్కడికి వెళ్ళి నిలబడగలిగాడు. ఇన్నేళ్ళుగా ఆ కవిత చదువుతూ నేను వెన్నెలనే చూశాను గానీ, ఆ నిలబడటాన్ని ఎప్పుడూ గమనించలేదు. నిలకడ ఒక వరమని అది ఉన్నవాడికి తెలియదు. తిలక్ తప్పేం లేదు. చదివే కళ్ళు మారాయి, అంతే.

ఇక మందు సంగతి. రెండో డాక్టరు జబ్బుని సరిగ్గానే పట్టుకున్నాడు. ప్రామిపెక్సోల్ రాశాడు. మెదడులో డోపమీన్ చేసే పనిని అనుకరించే మందు అది. మొదటి రాత్రే పనిచేసింది. ఆ ఏడాది అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేయించుకుని, ఐదు కథలూ మఠం వేసుకుని కూర్చుని విన్నది అమ్మ. వ్రతం మధ్యలో లేవకూడదని ఆవిడకి భయం. లేవలేదు. కొండ దిగేటప్పుడు ఆవిడ ముఖం చూసి, కథ ఇక్కడితో అయిపోయింది అనుకున్నాను.

రెండేళ్ళు తిరిగేసరికి రాత్రి పదింటికి మొదలయ్యేది సాయంత్రం ఆరింటికి మొదలైంది. తర్వాత మధ్యాహ్నం అన్నం తినగానే. తర్వాత చేతులకీ పాకింది. డాక్టరు మోతాదు పెంచాడు. కొన్ని వారాలు బాగుంది, ఆ తర్వాత ఇంకా ముందు వేళకి వచ్చింది. మళ్ళీ పెంచాడు. దీన్ని ఆగ్‌మెంటేషన్ అంటారని, 1996లోనే ఎలెన్, ఎర్లీ అనే వైద్యులు లెవోడోపా విషయంలో దీన్ని వర్ణించి పేరు పెట్టారని నాకు తర్వాత తెలిసింది. మందు పనిచేయడం మానేసిందని మేం అనుకున్నాం. నిజానికి మందే జబ్బుని పెంచుతోంది. పెంచిన ప్రతి మోతాదూ మంటలో పోసిన నెయ్యే. అలాగని ఒక్కసారిగా మానేస్తే నరకం. డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. తెలుగులో మందు అంటే ఔషధమూ అదే, సారా కూడా అదే అని మనం జోకులేస్తాం. ఆ రోజుల్లో ఆ జోకు మా ఇంట్లో ఎవరికీ నవ్వు తెప్పించలేదు.

అప్పుడే 'అవేకెనింగ్స్' మళ్ళీ తీశాను. 1973లో వచ్చిన ఈ పుస్తకంలో ఇరవై మంది కథలున్నాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మొదలై 1920ల దాకా సాగిన ఎన్‌సెఫలైటిస్ లెథార్జికా బారిన పడి, దశాబ్దాలపాటు కదలిక లేకుండా బిగుసుకుపోయిన వాళ్ళు. 1969లో న్యూయార్క్‌లోని బెత్ అబ్రహం ఆసుపత్రిలో సాక్స్ వాళ్ళకి లెవోడోపా ఇచ్చాడు. లేచారు, మాట్లాడారు, నడిచారు. 1990లో వచ్చిన సినిమా చూసినవాళ్ళకి ఇది తెలుసు. వాళ్ళది బిగుసుకుపోయిన జబ్బు, అమ్మది ఆగలేని జబ్బు. రెండు చోట్లా తలుపు తట్టింది మాత్రం డోపమీనే.

సాక్స్ ఆ అనుభవానికి మూడు దశలు చెప్తాడు: మేలుకోవడం, అగచాట్లు, సర్దుబాటు. మొదటిసారి చదివినప్పుడు నేను మొదటి దశ దగ్గరే ఆగిపోయాను. లియొనార్డ్ ఎల్. అనే పాఠకుడు, మాటల మనిషి, లేచి ప్రపంచాన్ని మళ్ళీ చూడటం. రెండో దశని విషాదాంతంగా చదువుకున్నాను: వేసవి గడిచేసరికి అదే మందు అతన్ని పట్టి ఊపేసింది, ఆపాల్సి వచ్చింది. మూడో దశని అసలు చదివినట్టే గుర్తులేదు. అగచాట్ల తర్వాత కూడా పుస్తకం ఉందని అమ్మ కాళ్ళు చెప్తే గానీ తెలియలేదు.

ఎందుకలా చదివానా అని ఆలోచిస్తే, మనకి అలవాటైన జబ్బు కథలు రెండే రకాలు అనిపించింది. నయమవుతుంది, లేదా చచ్చిపోతారు. 'దేవదాసు', 'ప్రేమాభిషేకం', 'గీతాంజలి': జబ్బు వచ్చిందంటే మృత్యువు గుమ్మంలో ఉన్నట్టే, ఆ నీడలోనే ప్రేమకి వెలుగు. చంపని జబ్బుకి మన కథల్లో హోదా లేదు. మందు పనిచేసి, ఆ తర్వాత ఎదురుతిరిగి, ఆ తర్వాత కూడా ఇరవయ్యేళ్ళు బతకాల్సిన మనిషికి కథ ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుంది? నేను చదివినంతలో అలాంటి తెలుగు కథ నాకు తగల్లేదు.

రాస్తే ఎన్ని ఉన్నాయి! ఈ మందులు వాడే కొందరిలో జూదం, విపరీతంగా ఖర్చుపెట్టడం లాంటి అదుపులేని కోరికలు పుడతాయి. తెలిసిన దుష్ప్రభావమే ఇది. భీమవరం పక్క ఒక పెద్దమనిషి కాళ్ళ కోసం మాత్రలు వేసుకుంటూ, జీవితంలో మొదటిసారి సంక్రాంతి కోళ్ళ బరిలో పొలం మీద పందెం కాశాడనుకోండి. ఊరు దాన్ని బుద్ధి అంటుంది, కొడుకులు వయసు మీద పడింది అంటారు. మాత్రని ఎవరూ అనుమానించరు. శీలం ఎక్కడ ముగిసి రసాయనం ఎక్కడ మొదలవుతుందో తేలని ఆ చోటే కదా కథకి కావలసింది.

సాక్స్‌తో నాకు పేచీ లేకపోలేదు. ఆయన ఒక్కో రోగిని పురాణపాత్రని చేసేస్తాడు. ఉపమానాలు, తత్వవేత్తలు, పాదసూచికలు కలిసి కొన్నిచోట్ల మనిషి కనబడకుండా కమ్మేస్తాయి. మా అమ్మ అంత పెద్ద పాత్ర కాదు. డాబా మీద నడిచే ఒక ఆడమనిషి. పైగా ఆ పుస్తకంలో గొంతు చివరిదాకా డాక్టరుదే. రాత్రి మేలుకున్న ఇంట్లోవాళ్ళ వైపు నుంచి ఆ కథ ఎలా ఉండేదో మనకి కొద్దిగానే తెలుస్తుంది.

అయినా మూడో దశ గురించి ఆయన చెప్పింది నాకు అక్కరకొచ్చింది. మందు ఎంత చేసినా, చివరికి ఆ మనిషి నిలదొక్కుకోవడంలో చుట్టూ ఉన్న మనుషులకీ, చేసే పనికీ, ఉండే చోటుకీ వాటా ఉందంటాడు. సొంతంగా అడుగు వేయలేనివాళ్ళు పాట వినబడితే, పక్కన ఎవరైనా నడిస్తే కదలడం ఆయన చూశాడు.

మా ఇంట్లో సర్దుబాటు ఇలా జరిగింది. మూడో డాక్టరు ముందు ఫెరిటిన్ పరీక్ష రాశాడు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష అది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఇది తక్కువ ఉండొచ్చు. ఈ జబ్బులో 75 లోపు ఉంటే ఇనుము ఇవ్వడం మొదలుపెడతారు. అమ్మది అంతకి బాగా కింద. సగానికి పైగా ఆడవాళ్ళు రక్తహీనతతో ఉన్న రాష్ట్రంలో, ఇన్నేళ్ళలో ఎవరూ ఆ పరీక్ష అడగలేదు. నిద్ర కోసమని అమ్మ సొంతంగా వేసుకునే జలుబు మాత్రలు, అలెర్జీ మాత్రల్లో కొన్ని ఈ జబ్బుని ఎగదోస్తాయని చెప్పి ఆపించాడు. ప్రామిపెక్సోల్ నెలల తరబడి దించుకుంటూ వచ్చాడు. గాబాపెంటిన్ మొదలుపెట్టాడు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2025లో ప్రచురించిన మార్గదర్శకాలు కూడా డోపమీన్ మందుల్ని మామూలుగా వాడొద్దనే వైపు మొగ్గాయి.

దించే వారాలు ఘోరం. ఆ రాత్రుల్లో మేం కనిపెట్టిన మందు అష్టాచెమ్మా. బుర్ర దేనిమీదైనా గట్టిగా పెడితే కాళ్ళు కాసేపు ఊరుకుంటాయి. ఇది మేం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, ఈ జబ్బున్న చాలామందికి అనుభవమే. రాత్రి రెండింటికి చింతపిక్కలు విసురుతూ "మూడు కాదురా, చెమ్మా పడింది, కళ్ళు కనబడట్లేదా" అని అమ్మ నాతో పోట్లాడుతున్నంతసేపూ కాళ్ళు కదిలేవి కావు. ఆట గెలిచాక మళ్ళీ మొదలయ్యేది. అందుకని చాలాసార్లు ఆటని సాగదీసేవాణ్ణి.

ఇప్పుడు నయమైందా అంటే, లేదు. వారంలో నాలుగు రాత్రులు నిద్రపోతుంది. మిగతా మూడూ డాబా. ఈసారి అన్నవరంలో రెండో కథ అయ్యేసరికి లేచింది. పూజారిగారికి ముందే చెప్పి మంటపంలో చివరి వరుసలో కూర్చున్నాం. లేచి, గోడ వారగా అటూ ఇటూ నడుస్తూ మిగతా మూడు కథలూ విన్నది. ఎవరో ముసలావిడ "కుదురుగా కూచోవమ్మా" అంది.

డెల్టాలో కుదురు అనే మాట చాలా చోట్ల వినబడుతుంది. కుండ ఒరిగిపోకుండా కింద పెట్టే గడ్డిచుట్ట కుదురు. నాటిన వరి దుబ్బు కుదురు. పెళ్ళి కుదురుతుంది. పాత తెలుగులో రోగం నయమవడాన్ని కూడా రోగం కుదిరింది అనేవారు. ఇప్పుడు ఆ మాట బెదిరింపుగానే మిగిలింది: నీ రోగం కుదురుస్తా. పాత వాడుకలో ఒక వివేకం ఉందనిపిస్తుంది నాకు. కుదరడం అంటే జబ్బు మాయమవడమే కానక్కర్లేదు. అడుగు గుండ్రంగా ఉన్న కుండ ఎప్పటికీ బల్లపరుపు అవదు. దానికింద ఏదో ఒకటి పెట్టి నిలబెట్టుకుంటాం. సాక్స్ మూడో దశకి తెలుగు మాట వెతకాల్సి వస్తే నేను సర్దుబాటు అనను, ఇదే అంటాను.

ఆ ముసలావిడకి అమ్మ కోపంగా జవాబు చెప్తుందనుకున్నాను. "నడుత్తానే వింటున్నానండీ" అంది, ఆగకుండానే.