పచ్చి ఓక్‌తో కట్టిన ఇల్లు

ద్వారబంధం చేయించాలన్నా తలుపు చేయించాలన్నా మన వడ్రంగి ముందు చూసేది కలప ఆరిందా లేదా అని. పచ్చి చెక్క ఆరేకొద్దీ వంకర తిరుగుతుంది, అతుకుల దగ్గర సందులు పడతాయి. ఆ మాట వింటూ పెరిగినదాన్ని కాబట్టి, ఇంగ్లండ్ పల్లెల్లోని పాత రైతు ఇళ్ల గురించి మొదట చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. 15వ శతాబ్దంలో అక్కడి వడ్రంగులు ఓక్ చెట్టు కొట్టి, ఇంకా చెమ్మ ఆరకముందే దాంతో ఇల్లు నిలబెట్టేసేవారు. ఆ ఇళ్లలో చాలా వాటిలో ఇవాళ్టికీ మనుషులు కాపురం ఉంటున్నారు.

ఓక్ ఎండిందంటే ఉలికి లొంగదు. పైగా దూలమంత లావు కర్ర లోపలిదాకా ఆరాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే వాళ్లు పచ్చిగా ఉండగానే గొడ్డలితో చదరంగా చెక్కేవారు. తర్వాత అది ఎలా ముడుచుకుంటుందో, ఎటు వంగుతుందో ముందే తలచుకుని అతుకులు కోసేవారు. నన్ను ఈ ఇళ్ల వైపు లాగింది ఆ ముందుచూపే.

ఒక్క ఇల్లు చూసే వీలుంటే బేలీఫ్ చూడమంటాను. కెంట్‌లో చిడింగ్‌స్టోన్ దగ్గర 15వ శతాబ్దం తొలి దశకాల్లో కట్టారు, మరో వందేళ్లకు ఒక కొసన గదులు కొత్తగా కట్టారు. నడుమ నేల నుంచి కప్పుదాకా అడ్డులేని హాలు. దానికి రెండు పక్కలా మేడ గదులు, వాటి పై అంతస్తు కింది గోడ దాటి ముందుకు పొడుచుకొస్తుంది. హాలు మధ్యలో నేల మీదే నిప్పు. పొగగొట్టం లేదు, పొగ కప్పు సందుల్లోంచి దారి వెతుక్కునేది. కిటికీలకు గాజు లేదు, నిలువు కర్ర కమ్మీలూ చెక్క తలుపులే. 1577లో ఇంగ్లండ్ రచయిత విలియం హారిసన్ తన ఊరి ముసలివాళ్లు పొగగొట్టాలు ఎంత పెరిగిపోయాయో చెప్పుకుని ఆశ్చర్యపోతున్నారని రాశాడు. ఆ కాలంలోనే ఇలాంటి హాళ్లకు ఇటుక పొగగొట్టాలు కట్టి, మధ్యలో అంతస్తు వేసి, గదులుగా మార్చేశారు. అలా మార్చిన ఇళ్లలో అటక ఎక్కి చూస్తే వాసాలకు పాత మసి ఇంకా అంటుకునే ఉంటుంది. ఒకప్పుడు అక్కడ పొగ తిరిగిందనడానికి అదే సాక్ష్యం.

బేలీఫ్ లోపల నిలబడితే నా కళ్లు ముందు వెళ్లేవి స్తంభాల తలల మీదికి. అవి కింద కన్నా పైన లావుగా ఉంటాయి. చెట్టును తలకిందులు చేసి, మొదలు వైపు పైకి వచ్చేలా నిలిపారు. స్తంభం నెత్తిన గోడ పొడుగునా పోయే దూలమూ, ఇంటిని అడ్డంగా పట్టి ఉంచే దూలమూ రెండూ వచ్చి కూర్చోవాలి, అంత చోటు ఆ లావు మొదలే ఇవ్వగలదు. అడ్డదూలం అడుగున పావురం తోక ఆకారంలో కోసిన గాడి గోడ దూలాన్ని బయటికి జారనివ్వదు. మూడు కర్రలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి.

కర్రను కర్రకు బిగించేది ఇనుము కాదు, ఓక్ చీల. ఓక్‌లోని వగరు ఇనుమును తినేస్తుంది. చీల కొట్టే పద్ధతిలో ఉంది అసలు తెలివి. ఒక కర్రకు తొలిచిన బెజ్జంలోకి రెండోదాని కొన దూరుతుంది. రెండింటికీ వేసే రంధ్రాలు సూటిగా కలవకుండా, కొనలోని రంధ్రాన్ని కొంచెం లోపలికి వేస్తారు. మొన సన్నగా చెక్కిన చీలను కొయ్య సుత్తితో దిగ్గొడితే అది రెండు కర్రలనూ దగ్గరికి లాగేస్తుంది. ఓక్ ఆరి ముడుచుకున్నా ఆ పట్టు సడలదు.

గోడల్లో మిగిలిన ఖాళీలను చీల్చిన ఓక్ బద్దలతో, హేజెల్ కొమ్మలతో అల్లిన తడికలు పూడుస్తాయి. వాటి మీద గడ్డి, పేడ కలిపిన మట్టి మెత్తి సున్నం పూసేవారు. తడిక గోడ తెలిసిన మన పల్లెల వారికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంత కలప అంటే అడవులు నేలమట్టమయ్యాయేమో అనిపిస్తుంది. వృక్షశాస్త్రవేత్త ఆలివర్ రాక్‌హామ్ సఫోక్‌లోని ఒక పాత ఇంటి కర్రలన్నీ లెక్కగట్టి, సుమారు 330 చెట్లు పట్టాయని తేల్చాడు. వాటిలో ఎక్కువ భాగం సన్నపాటి చెట్లే. ఏ దూలానికి ఎంత లావు కావాలో అంత చెట్టునే వెతికి కొట్టారు.

చట్రాన్ని మొదట వడ్రంగి పనిచోట నేల మీద పరిచి కూర్చేవారు. ప్రతి అతుకూ దాని జత కర్రకే సరిపోతుంది గనుక, ఉలితో రోమన్ అంకెల్లాంటి గీతలు కోసి, మళ్లీ ఊడదీసి, బండ్ల మీద తరలించి స్థలంలో నిలబెట్టేవారు. అంటే ఈ ఇల్లు నిలబడకముందే ఒకసారి విప్పిన ఇల్లు. 1960ల చివర బవ్ బీచ్ జలాశయం కోసం బేలీఫ్‌ను తీసేయాల్సి వచ్చినప్పుడు ఆ గుణమే దాన్ని కాపాడింది. కర్ర కర్రగా విప్పి పశ్చిమ ససెక్స్‌లోని సింగిల్టన్‌కు తెచ్చి, రాయ్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1967లో మొదలుపెట్టిన వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. కాంక్రీటులో పోసిన మన ఇళ్లను ఇలా విప్పి మోసుకెళ్లగలమా?

ఇలాంటి ఇళ్లను అభిమానంతోనే పాడుచేసినవాళ్లూ ఉన్నారు. మట్టి, సున్నం గోడల మీద సిమెంటు పూశారు. చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి వందల ఏళ్లు గట్టిగా ఉన్న ఓక్ లోపల్లోపల కుళ్లింది. కర్రలకు కారునలుపు పూసి మధ్య గోడను తెల్లగా మెరిపించే అలవాటు చాలా చోట్ల 19వ శతాబ్దపు మోజు. రంగు పూయని ఓక్ ఎండకూ వానకూ వెండిబూడిద రంగుకు తిరుగుతుంది, నా కంటికి అదే అందం. 1877లో విలియం మోరిస్ ప్రాచీన కట్టడాల పరిరక్షణ సంఘం పెట్టి, పాతదాన్ని పడగొట్టి కొత్తగా పాతదనం పుట్టించొద్దనీ, ఉన్నదాన్ని బాగుచేసుకోమనీ పోరాడాడు. స్తంభం పాదం పుచ్చితే పుచ్చినంత మేరే కోసి కొత్త ఓక్ ముక్క అతకాలి, స్తంభమంతా మార్చకూడదు. 1896లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ మొట్టమొదట కొన్న కట్టడం కూడా ఇలాంటి హాలు ఇల్లే, ఆల్ఫ్రిస్టన్‌లోని క్లర్జీ హౌస్. ధర 10 పౌండ్లు.

సింగిల్టన్ మ్యూజియంలోనే 2002లో గ్రిడ్‌షెల్ అనే కొత్త భవనం కట్టారు. పచ్చి ఓక్ బద్దలను జాలీలా బల్లపరుపుగా పేర్చి, కొన్ని వారాలపాటు కొంచెం కొంచెంగా కిందికి దించుతూ, వాటంతటవి వంగేలా చేసి ఆ పైకప్పు మలిచారు. ఎండిన ఓక్ అయితే విరిగిపోయేది. ఆ కప్పు కింద విశాలమైన నేల మీద విప్పి తెచ్చిన పాత ఇళ్ల చట్రాలు పరుచుకుని, వడ్రంగులు మరమ్మతు చేస్తుంటారు.