గ్లాసులో రెండు క్యాన్ల నీళ్ళు

పోయిన వారం తొమ్మిదో తరగతి పిల్లల చేత స్టీలు గ్లాసు ఘనపరిమాణం కట్టించాను. స్కేలు పెట్టి కొలిచారు. వ్యాసార్ధం 3.5 సెంటీమీటర్లు, ఎత్తు 10. ఆ రోజు క్యాలిక్యులేటర్ వాడుకోనిచ్చాను. ముందు బెంచీ అమ్మాయి అందరికన్నా ముందే నోటుబుక్కు తెచ్చింది. సూత్రం సరిగ్గా రాసింది. కింద జవాబు: 38,500 ఘన సెంటీమీటర్లు.

"అంటే ఎన్ని లీటర్లమ్మా?" అన్నాను.

"ముప్పై ఎనిమిదిన్నర, సార్."

గ్లాసు తీసి ఆమె చేతిలో పెట్టాను. ఇంటికొచ్చే నీళ్ళ క్యాను 20 లీటర్లది. దాదాపు రెండు క్యాన్ల నీళ్ళు ఈ గ్లాసులో పడతాయా? 3.5 కొట్టేటప్పుడు రెండుసార్లూ చుక్క పడలేదు. రావలసింది 385.

చుక్క ఎవరికైనా తప్పుతుంది, కాగితం మీద చేసినా తప్పుతుంది. నన్ను బాధపెట్టింది వేరు. ఆ సంఖ్యను చూసి ఆమెకు అనుమానం రాలేదు. మూడున్నరను మూడున్నరతో హెచ్చిస్తే పన్నెండు పైచిలుకు. దానికి మూడింతలు ముప్పై ఆరు. పదితో హెచ్చిస్తే మూడొందల అరవై. జవాబు అంతకు కాస్త పైన ఉండాలి. ఇది నోటిలెక్క. దీనికి పునాది ఎక్కాలు. మూడు పన్నెండులెంతో ఠక్కున నోటికి రాని బిడ్డకు ఈ అంచనా అందదు.

అలాగని నేరమంతా యంత్రం మీదికి నెట్టను. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో దానికి అనుమతే లేదు. అయినా 2022 అసర్ సర్వేలో, గ్రామీణ భారతంలోని ఎనిమిదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 44.7 శాతమే. ఎక్కాలు అప్పజెప్పించుకుని వదిలేశాం. వాటితో అంచనా కట్టడం నేర్పలేదు. అది ఉపాధ్యాయులుగా మేం పడ్డ బాకీ.

ఐదో తరగతి దాకా క్యాలిక్యులేటర్ వద్దంటాను. తర్వాత చక్రవడ్డీ లాంటివి వచ్చినప్పుడు ఇవ్వాలి. గుణకారాలతోనే పీరియడ్ గడిచిపోతే, వడ్డీ మీద వడ్డీ ఎలా పెరుగుతుందో పిల్లలు ఆలోచించేదెప్పుడు? కానీ ఒక్క షరతు. మీట నొక్కకముందే మార్జిన్‌లో పెన్సిలుతో 'సుమారు ఇంత' అని రాయాలి. రెండూ పొసగకపోతే లెక్క మళ్ళీ చేయాలి.

నిన్న నీళ్ళ ట్యాంకు లెక్క ఇచ్చాను. వ్యాసార్ధం 70 సెంటీమీటర్లు, ఎత్తు 140. ఆ అమ్మాయి మార్జిన్‌లో 'సుమారు 2,000 లీటర్లు' అని రాసుకుంది. యంత్రం 2,156 చూపించాక, ఒకసారి మార్జిన్ వైపు చూసి, అప్పుడు జవాబు రాసింది.