కాలి కోసం కురచైన గౌను

బాలే అనగానే గుర్తొచ్చేది నడుము చుట్టూ పళ్లెంలా విచ్చుకున్న తెల్లటి నెట్ గౌను. దాని పేరు టూటూ. దూరం నుంచి చూస్తే గాలికి ఎగిరిపోయేంత తేలిగ్గా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే గానీ అందులోని పనితనం తెలియదు. బిగుతైన నిక్కరు మీద పది పన్నెండు వరసల నెట్ ఫ్రిల్లులు కుడతారు. అట్టడుగు వరస చాలా పొట్టిది. పైకి వచ్చేకొద్దీ వెడల్పు పెరుగుతుంది. కింది పొట్టి వరసలే పైవాటిని వాలిపోకుండా మోస్తాయి. కొన్నిటికి మధ్యలో సన్నటి ఉక్కు తీగ కూడా దూరుస్తారు. ఆఖరున వరసలన్నిటినీ కలుపుతూ లోపల కచ్చా కుట్లు వేస్తారు. కుట్టు బిగిస్తే గౌను కదలదు, మరీ వదులైతే నిలవదు. వీపున జిప్పుకు బదులు హుక్కులు, వాటికి రెండు మూడు వరసల కాజాలు. ఒకే దుస్తులు ఏళ్ల తరబడి ఎందరో నర్తకీమణుల ఒంటికి సరిపోవాలి మరి.

బాలే పెరిగింది రాజదర్బారులో కాబట్టి మొదట్లో దాని బట్టలు దర్బారు బట్టలే. 1653లో ఫ్రాన్సు రాజు 14వ లూయీ పద్నాలుగేళ్ల వయసులో సూర్యుడి వేషం కట్టాడు. ఆ పసిడి హంగంతా రాజు వైభవాన్ని చాటడానికే. తర్వాత వృత్తి కళాకారులు వచ్చినా బరువు తగ్గలేదు. ఆడవాళ్లకు తుంటి దగ్గర రెండు పక్కలా ఉబ్బే చట్రాల లంగాలు, మగవాళ్లకు తొడల మీద బిరుసుగా నిలబడే పొట్టి పావడాలు, ముఖాలకు మాస్కులు, కాళ్లకు హీల్స్.

ఈ బరువు మీద మొదటి కత్తెర వేసినవాళ్లు దర్జీలు కాదు, నర్తకీమణులే. 1726లో పారిస్ ఒపెరాలో అడుగుపెట్టిన మరీ కామార్గో గాల్లోకి ఎగిరి పాదాల్ని చకచకా తాటించేది. అప్పటిదాకా అది మగవాళ్ల విద్య. నేలదాకా లంగా ఉంటే ఆ పనితనం ఎవరికి కనిపిస్తుంది? అందుకే లంగాను చీలమండల పైకి తెచ్చింది. 1734లో లండన్‌లో మరీ సాలే చట్రం లేకుండా, పల్చటి మస్లిన్ గౌనుతో, జుట్టు విరబోసుకుని వేదికెక్కింది. 1760లో నృత్యకర్త నొవేర్ తన లేఖల పుస్తకంలో మాస్కుల్నీ చట్రాల్నీ గట్టిగా తప్పుబట్టాడు. ముఖం కప్పేస్తే భావం ఎలా పలుకుతుందన్న ఆయన వాదన, కూచిపూడి అభినయం చూసి పెరిగిన తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు.

1832 మార్చి 12న పారిస్‌లో ‘లా సిల్ఫీడ్’ ప్రదర్శించారు. పిక్కల దాకా జారే తెల్లటి గౌనులో, మునివేళ్ల మీద నిలబడిన మరీ టాగ్లియోనీ గంధర్వ కన్యలాగే కనిపించింది. ఆ తెలుపును గ్యాసు దీపాల వెలుగు మరింత మాయగా చూపించేది. ఆ దీపాలే ప్రాణాల మీదికీ తెచ్చాయి.

ఎమ్మా లివ్రీ టాగ్లియోనీ శిష్యురాలు. నిప్పంటుకోకుండా బట్టను రసాయనంలో ముంచే పద్ధతి అప్పటికే ఉంది, వాడి తీరాలని 1859లో ఉత్తర్వు కూడా వచ్చింది. కానీ ముంచిన నెట్ బిరుసెక్కి మెరుపు కోల్పోయేది. లివ్రీ వద్దంది, తన మామూలు గౌనే వేసుకుంటానని రాసిచ్చింది. 1862 నవంబరులో రిహార్సల్ జరుగుతుండగా గ్యాసు దీపం ఆమె గౌనుకు అంటుకుంది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి 1863 జూలైలో కన్నుమూసింది. కాలిపోగా మిగిలిన ఆమె దుస్తుల ముక్కలు పారిస్ ఒపెరా మ్యూజియంలో ఉన్నాయి. తప్పు ఆ పిల్లదని సరిపెట్టుకోవడం అన్యాయం. తేలిక గౌను వేసుకుంటేనే చప్పట్లు కొట్టే రంగస్థలం, ఆమెకు నిజంగా మరో దారి ఇచ్చిందా?

ఆ శతాబ్దం చివరికి గౌను మోకాళ్ల దాకా పొట్టిదైంది. కారణం మళ్లీ కాలే. 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పియరీనా లెన్యానీ ‘స్వాన్ లేక్’లో ఒంటికాలి మీద వరసగా 32 చుట్లు తిరిగింది. పొడుగు గౌను కింద ఆ కష్టం కనిపించేది కాదు. మగవాళ్ల కథ వేరు. 1911లో ‘జిజెల్’కు పైనిక్కరు లేకుండా బిగుతు మేజోళ్లతో వచ్చినందుకు నర్తకుడు నిజిన్‌స్కీ రష్యా రాజ నాటకశాలలో ఉద్యోగమే పోగొట్టుకున్నాడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువగా తలచుకోవాల్సింది ఖార్కివ్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన దుస్తుల రూపకర్త బార్బరా కారిన్‌స్కాను. 1950లో నృత్యకర్త బాలన్‌షీన్ బాలే ‘సింఫనీ ఇన్ సి’ కోసం ఆమె టూటూలోంచి తీగ తీసేసింది. వేదిక నిండా నర్తకీమణులు ఉన్నప్పుడు తీగ గౌనులు ఒకదానికొకటి తగిలి పైకి లేచేవి. తక్కువ వరసల నెట్‌ను వదులుగా కుట్టి ఆ చిక్కు తీర్చింది. పైజాకెట్టులో కొన్ని ముక్కల్ని, మన దర్జీలు క్రాస్ కటింగ్ అంటారే, అలా ఏటవాలుగా కత్తిరించింది. దాంతో ఊపిరి పీల్చినప్పుడు బట్ట ఒంటితోపాటు సాగింది. మరుసటి ఏడాదే బాలన్‌షీన్ తన పాత బాలేలు కొన్నిటికి గౌనులే తీసేసి, సాధన దుస్తులతో ఆడించాడు.

కాలు కనిపించాక, అది ఎవరి కాలన్న ప్రశ్న మిగిలింది. మేజోళ్లూ బూట్లూ లేత గులాబీ రంగులోనే ఉండాలన్న కట్టుబాటు తెల్ల ఒంటికి తగ్గట్టు పుట్టింది. నల్లజాతి నర్తకీమణుల కాళ్లు అందులో దాక్కునేవి. 1970ల్లో ఆర్థర్ మిచెల్ నడిపిన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్, ఎవరి ఒంటి రంగుకు తగ్గట్టు వారి మేజోళ్లకూ బూట్లకూ రంగు వేయించడం మొదలుపెట్టింది. మిగతాచోట్ల మాత్రం బూట్ల మీద ఫౌండేషన్ పూసుకోవడం దశాబ్దాలపాటు ఆ నర్తకీమణుల సొంత ఖర్చూ సొంత చాకిరీగానే సాగింది. లండన్‌లోని ఫ్రీడ్ సంస్థ, బాలే బ్లాక్ బృందంతో కలిసి గోధుమ, కంచు రంగుల్లో, మునివేళ్ల మీద నిలబడే పాయింట్ బూట్లు తెచ్చింది 2018లో.