లేయర్లలో అలంకృత నేపథ్యం: ఆనందవర్ధనుని ‘అపృథగ్యత్న’ దృష్టితో ఒక విమర్శ

వ్యాససంగ్రహం: ఫోటోషాప్ వంటి సాఫ్ట్‌వేర్లలో లేయర్లతో రూపొందే అలంకృత నేపథ్యాలను తెలుగు శుభలేఖలు, పెళ్ళి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అలంకారానికి వేరే ప్రయత్నం అవసరం కాకూడదన్న ఆనందవర్ధనుని సూత్రం ఈ కళకు ఏ మేరకు వర్తిస్తుందో చర్చిస్తుంది.

కీలకపదాలు: లేయర్, నేపథ్యం, బ్లెండింగ్ మోడ్, అపృథగ్యత్నం, కలంకారీ, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట సామాన్యుని కంటికి నిత్యం కనిపించే చిత్రరచన ప్రదర్శనశాలల్లో ఉండదు. శుభలేఖ మీద, పెళ్ళి ఆల్బమ్ పుటల్లో, కూడలిలో కట్టిన ఫ్లెక్సీ మీద ఉంటుంది. వీటిలో మనిషి బొమ్మకన్నా, అక్షరంకన్నా ఎక్కువ చోటును ఆక్రమించేది తరచుగా నేపథ్యమే. లతలు, నెమలిపింఛాలు, మామిడి తోరణాలు, బంగారు ధూళి, కాంతివలయాలు అక్కడ పొరలు పొరలుగా పేరుకొంటాయి. ఈ అలంకరణను అభిరుచిలేమిగా కొట్టిపారేయడం సులభం. అయితే అది ఏ పద్ధతిలో తయారవుతుందో, ఏ చోట విఫలమవుతుందో తెలుసుకోకుండా చేసిన నింద విమర్శ కాజాలదు.

2. లేయర్ స్వభావం

థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఫోటోషాప్ 1990లో విడుదలైంది. లేయర్ల సౌకర్యం 1994లో వచ్చిన 3.0తో చేరింది. అంతకుముందు ఒక చిత్రంపై మరొక చిత్రాన్ని అతికించి స్థిరపరిస్తే రెండూ ఒకటైపోయేవి. లేయర్లు వచ్చాక ప్రతి అంశమూ విడిగా నిలిచింది. దానిని జరపవచ్చు, దాచవచ్చు, పలుచన చేయవచ్చు, పూర్తిగా తొలగించవచ్చు.

లేయర్లు కేవలం ఒకదానిపై ఒకటి పరచిన కాగితాలు కావు. పై పొర కింది పొరతో ఎలా కలవాలో బ్లెండింగ్ మోడ్ నిర్ణయిస్తుంది. ‘మల్టిప్లై’ మోడ్‌లో రెండు పొరల రంగు విలువలను గుణించి 255తో భాగిస్తారు. కింద 240, పైన 200 ఉంటే ఫలితం సుమారు 188. పైపొరలో తెలుపు ఉన్నచోట కింది రంగు మారదు. కాబట్టి తెల్లకాగితం మీద నల్లసిరాతో గీసిన లతను ఈ మోడ్‌లో ఉంచితే కాగితం మాయమై గీత మాత్రమే మిగులుతుంది. ‘స్క్రీన్’ మోడ్ దీనికి విపర్యయం. నల్లని నేలమీది తెల్లని ముగ్గును అందులో ఉంచితే నలుపు తొలగి ముగ్గు నిలుస్తుంది. పై పొర ఫలితం కింది పొరపై ఆధారపడి ఉంటుందన్నదే ఇక్కడ గుర్తించవలసిన విషయం.

3. పృథగ్యత్నం అనే సమస్య

తొమ్మిదవ శతాబ్దికి చెందిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రెండవ ఉద్ద్యోతంలో రసప్రధానమైన కావ్యంలో అలంకారం ‘అపృథగ్యత్ననిర్వర్త్యం’ కావాలన్నాడు. అంటే రసంలో లీనమైన కవికి అలంకారం కోసం వేరే ప్రయత్నం చేయవలసిన పని ఉండకూడదు. యమకానికి కవి ప్రత్యేకంగా పదాలను వెదకవలసి వస్తుంది కనుక శృంగారానికి అది తగదని ఆయన అభిప్రాయం.

ఈ ప్రమాణాన్ని యథాతథంగా స్వీకరిస్తే లేయర్ పద్ధతి మొత్తం దోషమవుతుంది. పృథక్త్వమే దానికి ప్రాణం. విశేషించి, సిద్ధంగా దొరికే పి.ఎస్.డి. నేపథ్యం యమకాన్ని మించిన పృథగ్యత్నం. ఫోటో తీయకముందే అది తయారై ఉంటుంది. వధూవరుల ముఖాలపై వెలుగు ఎడమనుంచి పడుతుంటే, వెనుక అతికించిన దీపాల కాంతి కుడినుంచి వస్తుంది. ముఖాలు మారినా నేపథ్యం మారదు. ఒకే ఉద్యానవనంలో ఎన్నో జంటలు నిలబడతాయి.

4. కలంకారీ ఇచ్చే సమాధానం

అయితే దశలవారీగా చేయడమే పృథక్త్వమా? శ్రీకాళహస్తి కలంకారీ కాదని చెబుతుంది. కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెట్టిన గుడ్డపై, ఇనుము, బెల్లం పులియబెట్టి తీసిన నల్లరంగుతో కలంకారుడు గీతలు గీస్తాడు. ఎరుపు కావలసిన చోట పటిక పూస్తాడు. తరువాత గుడ్డనంతటినీ ఎర్రరంగు కాగులో మరిగిస్తే, పటిక ఉన్నచోటనే ఎరుపు నిలుస్తుంది. బొమ్మ చీరలోని ఎరుపు, వెనుకనున్న నేలలోని ఎరుపు ఒకే కాగులో మరిగినవే. దశలు వేరైనా ద్రవ్యం ఒకటి. పృథక్త్వం పనివిధానంలో ఉంది, ఫలితంలో లేదు.

కాబట్టి ఆనందవర్ధనుని సూత్రాన్ని ఈ రంగానికి అన్వయించేటప్పుడు ప్రయత్నం వేరా అని కాక, చూసేవానికి అది వేరుగా కనిపిస్తోందా అని అడగడం సమంజసం. ఈ ఐక్యాన్ని సాధించే ఉపకరణాలు సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. ముఖచిత్రంలోని రంగునే తీసుకొని లతకు పూయవచ్చు. మల్టిప్లైతో కాగితపు వన్నెను అలంకరణలోకి రానీయవచ్చు. అలంకారాన్ని తగిన సమయంలో స్వీకరించి తగిన సమయంలో విడిచిపెట్టాలని కూడా ఆనందవర్ధనుడు చెప్పాడు. లేయర్ మాస్క్ అటువంటి త్యాగానికి సాధనం. మాస్క్‌పై నలుపు పూసిన మేర అలంకరణ కనిపించదు, కాని నశించదు.

5. అక్షరమే గీటురాయి

తెలుగు లిపి ఈ అలంకరణకు కఠిన పరీక్ష పెడుతుంది. శుభలేఖ శిరస్సున ఉండే ‘శ్రీరస్తు’నే చూడండి. పైన గుడిదీర్ఘం, కింద రవత్తు, తవత్తు. అక్షరానికి పైనా కిందా ఉండే ఈ సన్నని ఖాళీలే దాన్ని చదివిస్తాయి. వెనుక లతల సందడి, అక్షరం చుట్టూ మందమైన అంచు, దానికి నీడ, ఆపై మెరుపు చేరితే ఆ ఖాళీలు పూడిపోతాయి. వత్తు లతలో ఒక ఆకైపోతుంది. పెళ్ళి జరిగే ఊరి పేరు, ముహూర్తం చదవలేని శుభలేఖ ఎంత శోభాయమానమైనా తన పని చేయలేదు.

అలంకృత నేపథ్యం శుభసూచకమని, సాదాతనం మనవారికి వెలితిగా తోస్తుందని ఒక వాదం ఉంది. దానిలో సత్యం ఉంది. పసుపు, తోరణం, ముగ్గు కేవలం రంగులు కావు, అర్థాలు. కాని గడపకు పసుపు పూసేవారు దారిని మూసివేయరు. ముగ్గు కూడా వాకిలి నడుమ కొంత నేలను వదిలినప్పుడే ముగ్గుగా కనిపిస్తుంది.

6. ముగింపు

లేయర్ల సంఖ్య నేపథ్యపు గుణాన్ని గాని దోషాన్ని గాని నిర్ణయించదు. వెలుగు దిశ ఒకటేనా, రంగులకు పరస్పర సంబంధం ఉందా, అక్షరానికి ఊపిరాడే చోటు ఉందా అన్న మూడు ప్రశ్నలతో పరిశీలిస్తే చాలు. డి.టి.పి. కేంద్రంలో ఒక లేయర్‌ను దాచి చూడటానికి ఒక్క క్లిక్కు సరిపోతుంది. అది లేనప్పుడు చిత్రం ఏమీ కోల్పోకపోతే, ఆ లేయర్ అలంకారం కాదు, భారం మాత్రమే.